ఫర్ కోటు, తోలు బూటు, పట్టు దారం: అన్నీ ఒకటేనా?

[తెర మీద: ఏటి ఒడ్డున మింక్, ఒక్కసారిగా నీళ్లలోకి దూకుతుంది]

ముందు ఈ జంతువుని ఒకసారి చూడండి. దీని పేరు మింక్. ముంగిసలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. నీళ్ల పక్కన ఒంటరిగా బతుకుతుంది, ఈదుతుంది, చేపల్ని పట్టి తింటుంది, ఇంకో మింక్ తన హద్దులోకి వస్తే ఊరుకోదు.

[తెర మీద: వరుసగా తీగల బోనులు]

ఇప్పుడు ఇదే జంతువుని తీగల బోనులో పెట్టి, పక్కన ఇంకో బోను, దాని పక్కన ఇంకోటి, అలా వేలకొద్దీ బోనులున్న షెడ్డులో ఊహించుకోండి. ఫర్ కోసం, అంటే బొచ్చుతో ఉన్న చర్మం కోసం, పెంచే జంతువుల్లో మింక్‌లు, నక్కలు, నక్కలాంటి రకూన్ డాగ్‌లు, ఎలుక జాతికి చెందిన చించిల్లాలు ముఖ్యమైనవి. మింక్ పిల్లలు వసంతంలో పుడతాయి. చలికాలపు బొచ్చు నిండుగా రాగానే, అంటే నవంబర్, డిసెంబర్ నెలల్లో, వాటిని చంపేస్తారు. మొత్తం ఆయుష్షు ఆరేడు నెలలు. మింక్‌లనైతే పెట్టెలో వేసి గ్యాస్ వదులుతారు, నక్కలకి కరెంట్ పెడతారు, ఎందుకంటే చర్మం మీద ఒక్క గాటు పడినా ధర పడిపోతుంది. ఒక పొడవాటి మింక్ కోటుకి 50 దాకా మింక్‌లు కావాలి.

"అవి ఫారంలోనే పుట్టాయి కదా, వాటికి ఏరు ఏంటో, ఈత ఏంటో తెలీదు, తెలీనిదాని కోసం ఎందుకు బాధపడతాయి?" అని ఫర్ వ్యాపారంలో ఉన్నవాళ్లు అంటుంటారు. నేనూ ఒకప్పుడు ఇది సబబుగానే ఉందనుకున్నాను. కానీ 2001లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. ఫారంలో పుట్టి పెరిగిన మింక్‌లకి కొన్ని గదులు ఇచ్చారు: ఒకదాంట్లో ఆడుకునే వస్తువులు, ఒకదాంట్లో ఇంకో గూడు, ఒకదాంట్లో నీళ్ల తొట్టి, ఇలా. ప్రతి గదికీ ఒక తలుపు, ఆ తలుపుకి బరువు. బరువు పెంచుకుంటూ పోయారు, ఏ గది కోసం ఎంత కష్టపడి తోస్తాయో చూద్దామని. అన్నిటికన్నా ఎక్కువ కష్టపడింది నీళ్ల కోసం. ఆ తొట్టి ఉన్న గదికి ఒక రోజు తాళం వేసేస్తే వాటి ఒంట్లో టెన్షన్‌ని సూచించే కార్టిసాల్ అనే హార్మోన్ పెరిగింది, అదీ దాదాపు తిండి పెట్టకపోతే పెరిగినంత!

తరతరాలుగా బోనులోనే పుట్టినా ఆ జంతువుకి నీళ్లు కావాలి. ఇది తెలిశాక నాకు ఫర్ ఫారాల విషయంలో వాదించడానికి ఏమీ మిగల్లేదు. బోను పెద్దది చేస్తాం, శుభ్రంగా ఉంచుతాం అంటే సరిపోయే విషయం కాదిది.

దేశాలు కూడా మెల్లగా ఇటే వస్తున్నాయి. బ్రిటన్ 2000లో చట్టం చేసి ఫర్ ఫారాలని మూయించింది. ఇజ్రాయెల్ 2021లో ఫ్యాషన్ కోసం ఫర్ అమ్మడాన్నే నిషేధించింది, మతపరమైన వాడకానికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. కాలిఫోర్నియాలో 2023 నుంచి కొత్త ఫర్ అమ్మకూడదు. డెన్మార్క్ కథ వేరే. 2020లో అక్కడి మింక్‌లకి కోవిడ్ సోకి, మారిన వైరస్ తిరిగి మనుషులకి రావడంతో, దేశంలో ఉన్న మింక్‌లన్నిటినీ, అంటే 1.5 కోట్లకు పైగా, చంపేయమని ప్రభుత్వం చెప్పింది. అలా చెప్పే అధికారం చట్టంలో లేదని తేలి మంత్రి రాజీనామా చేశారు. ఇంతా చేసి వాటి గురించి జరిగిన చర్చలో ఎక్కువ భాగం నష్టపరిహారం, వైరస్, చట్టం చుట్టూనే తిరిగింది. ఆ జంతువుల ఊసే తక్కువ. అది నన్ను చాలా బాధపెట్టింది.

[తెర మీద: తోలు బూట్లు]

సరే, ఇక్కడ మీలో చాలామందికి వచ్చే ప్రశ్న నాకు తెలుసు. తోలు బూట్లు వేసుకుని ఫర్ గురించి ఎలా మాట్లాడతారు? న్యాయమైన ప్రశ్నే, తప్పించుకోను.

మామూలుగా చెప్పే జవాబు ఏంటంటే, పశువుని మాంసం కోసం చంపుతారు, తోలు ఎలాగూ మిగిలిపోతుంది, పారేసే బదులు వాడుకుంటున్నాం అని. ఇందులో నిజం ఉంది, పశువు మీద వచ్చే డబ్బులో తోలు వాటా చిన్నది. కానీ చిన్నదైనా ఆ డబ్బు ఆ వ్యాపారానికే పోతుంది కదా, కాబట్టి "మిగిలింది వాడుకుంటున్నాం, మాకేం సంబంధం లేదు" అనడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. దాని పైన టానింగ్ ఉంది, అంటే పచ్చి చర్మాన్ని కుళ్లిపోకుండా తోలుగా మార్చే పని. ప్రపంచంలో తోలు ఎక్కువ భాగం క్రోమియం లవణాలతోనే శుద్ధి అవుతుంది, ఆ నీళ్లని సరిగ్గా శుభ్రం చేయకుండా వదిలేస్తే దెబ్బ తినేది చుట్టుపక్కల నేల, నీళ్లు, అక్కడ పనిచేసే మనుషులు.

అయినా ఫర్, తోలు ఒకటే అని నేను అనను. నా లెక్క ఇది: ఈ వస్తువు కోసం ఆ జంతువు ఏం పోగొట్టుకుంది, ఇది లేకపోతే నాకు ఏం పోతుంది? మింక్ కోటు విషయంలో జంతువు మొత్తం బతుకునే పోగొట్టుకుంది, కోటు లేకపోతే నాకు పోయేది ఏమీ లేదు, వెచ్చగా ఉంచే బట్టలు వేరే చాలా ఉన్నాయి. కరాకుల్ అనే జాతి గొర్రెపిల్లల చర్మం ఇంకా దారుణం, ఆ ఉంగరాల బొచ్చు పుట్టిన కొద్ది రోజులకే విడిపోతుందని అంతకుముందే చంపుతారు.

అదే ఆర్కిటిక్‌లో ఉండే ఇన్యూట్ ప్రజలు సీల్ అనే సముద్ర జంతువు మాంసం తిని, దాని చర్మంతో బట్టలు కుట్టుకుంటే నేను వేలు చూపించలేను. 2009లో యూరోపియన్ యూనియన్ సీల్ ఉత్పత్తుల వ్యాపారాన్ని నిషేధించినప్పుడు వాళ్లకి మినహాయింపు ఇచ్చింది. అయినా సీల్ అంటేనే తప్పు అన్న పేరు పడిపోయి, కొనేవాళ్లు తగ్గిపోయి, వాళ్ల జీవనాధారం దెబ్బతింది. మనం కోపంతో అందరినీ ఒకే గాటన కడితే ఇలాగే అవుతుంది.

[తెర మీద: ఒక పక్క చిరు జింక, ఇంకో పక్క వికున్యా]

ఈ రెండు జంతువుల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, నాకు ఈ విషయం మొత్తం వీటి వల్లే అర్థమైంది. మొదటిది టిబెట్ పీఠభూమిలో ఉండే చిరు. దీని మెత్తటి ఉన్నితో నేసేదే షాతూష్ శాలువా. ఇది అడవి జంతువు, పట్టుకుని దువ్వేంత మచ్చిక కాదు, కాబట్టి చంపి ఉన్ని తీస్తారు. ఒక్క శాలువాకి మూడు నుంచి ఐదు ప్రాణాలు. ఈ వ్యాపారాన్ని అంతర్జాతీయంగా ఎప్పుడో నిషేధించినా దొంగచాటుగా వేటాడి ఆ జాతిని అంతరించిపోయే దాకా తెచ్చారు.

రెండోది దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీది వికున్యా. దీనిదీ అంతే మెత్తటి ఉన్ని, దీన్నీ అలాగే వేటాడారు, 1960ల నాటికి కొన్ని వేలే మిగిలాయి. తర్వాత వేట ఆపారు. ఇన్కాల కాలం నాటి పద్ధతి ఒకటి మళ్లీ మొదలుపెట్టారు, దాని పేరు చాకు. ఊరంతా కలిసి చేతుల్లో తాడు పట్టుకుని పెద్ద వలయంగా నడుస్తూ మందని ఒక దొడ్లోకి తోలుతారు, ఉన్ని కత్తిరిస్తారు, మళ్లీ కొండల్లోకి వదిలేస్తారు. ఆ ఉన్ని అమ్మిన డబ్బు ఊరికి వస్తుంది కాబట్టి వేటగాళ్లు వస్తే ఊరే అడ్డుపడుతుంది. ఇప్పుడు వికున్యాలు లక్షల్లో ఉన్నాయి. పట్టుకున్నప్పుడు వాటికి బెదురు ఉండదా అంటే ఉంటుంది. కానీ సాయంత్రానికి అవి కొండ మీద ఉంటాయి.

గొర్రె ఉన్నిలోనూ ఇలా రెండు వైపులున్నాయి. ఆస్ట్రేలియాలో 2015లో తప్పిపోయి దొరికిన క్రిస్ అనే మెరీనో జాతి గొర్రె మీద 40 కిలోలకు పైగా ఉన్ని పేరుకుపోయింది, నడవలేని స్థితి. అంటే మెరీనో గొర్రెకి ఉన్ని కత్తిరించకపోతేనే హింస, అలా తయారుచేసింది మనిషే. కానీ ఈగలు గుడ్లు పెట్టకుండా తోక దగ్గర చర్మాన్ని కోసేసే మ్యూల్సింగ్ అనే పద్ధతి కూడా ఉంది. న్యూజిలాండ్ దాన్ని 2018లో నిషేధించింది. ఉన్ని కొనేటప్పుడు లేబుల్ మీద మ్యూల్సింగ్ లేదని రాసుందా చూడండి, లేకపోతే అడగండి.

పట్టు విషయంలో నేనింకా తేల్చుకోలేదు. దారం తెగకుండా రావాలంటే పురుగు లోపల ఉండగానే గూటిని ఆవిరిలోనో మరిగే నీళ్లలోనో వేయాలి. పురుగుకి మింక్ అంత బాధ తెలుస్తుందని నేను అనుకోను, అలాగని అస్సలు తెలీదని కొట్టిపారేయడానికీ మనసొప్పదు. అందుకే కొత్తగా కొనడం మానేశాను.

[తెర మీద: ఫేక్ ఫర్ కాలర్ ఉన్న జాకెట్]

మరి ఫేక్ ఫర్? అది యాక్రిలిక్, పాలిస్టర్, అంటే ప్లాస్టిక్. ఉతికినప్పుడల్లా సన్నటి పోగులు రాలి నీళ్లలో కలుస్తాయి. వీగన్ లెదర్, అంటే జంతువుల నుంచి రాని తోలు, అని అమ్మేవాటిలో కూడా చాలావరకు ప్లాస్టిక్ పూత వేసిన గుడ్డే, రెండేళ్లకి పెచ్చులు ఊడుతుంది. అయినా మింక్ బోనుకీ దీనికీ మధ్య ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను, కాకపోతే ఒకటి కొని పదేళ్లు వాడాలి. ఇప్పటికే మీ దగ్గర ఉన్న తోలు బెల్టు, బూట్లు పారేయకండి, చిరిగితే కుట్టించి వాడండి, పారేస్తే చనిపోయిన పశువుకి వచ్చే లాభం ఏమీ లేదు. పాత ఫర్ కోటు మాత్రం నేను వేసుకోను, ఎందుకంటే చూసేవాళ్లకి అది పాతదని తెలీదు, బాగుందనే అనిపిస్తుంది.

[తెర మీద: వేళ్లతో బొచ్చుని విడదీసి చూపించడం]

చివరగా ఒక పనికొచ్చే విషయం. ఫేక్ అని రాసి అసలు ఫర్ అమ్మిన సందర్భాలు చాలా దేశాల్లో బయటపడ్డాయి. ధర తక్కువుంది కదా, ఫేకే అయ్యుంటుంది అనుకోకండి, ఫారం ఫర్ కొన్నిసార్లు చవగ్గానే దొరుకుతుంది. బొచ్చుని విడదీసి మొదలు దగ్గర చూడండి. గుడ్డ నేత కనిపిస్తే ఫేక్, చర్మం కనిపిస్తే అసలుది. వెంట్రుక కొస చూడండి, అసలుదైతే మనుషుల కనురెప్ప వెంట్రుకలా సన్నబడుతూ పోతుంది, ఫేక్‌కి కత్తిరించినట్టు ఉంటుంది. ఇంకా అనుమానంగా ఉంటే, మీరు కొనేసిందే అయితే, రెండు పోగులు లాగి పట్టకారుతో పట్టుకుని జాగ్రత్తగా కాల్చండి. ప్లాస్టిక్ కరిగి ఉండ కడుతుంది. అసలు ఫర్ అయితే తల వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది.