సిలువకు వాడిన కలప ఏది? మేకుకు అంటిన చెక్క చెప్పేదెంత?

సంధానకర్త: ఎక్కువ మంది అడిగిన ప్రశ్నతోనే మొదలుపెడదాం. రోమన్లు సిలువలను ఏ కలపతో చేసేవారు? దేవదారు అని కొందరు, ఆలివ్ అని కొందరు రాశారు.

పురావస్తు పరిశోధకురాలు: ఆలివ్ మాట ఎక్కడ పుట్టిందో ముందు చెప్తానండి. 1968లో యెరూషలేములో, పాత నగరానికి ఉత్తరాన గివాత్ హమివ్తార్ దగ్గర సమాధులు బయటపడ్డాయి. తవ్వకాలు జరిపినవారు వసీలియోస్ ట్సాఫెరిస్. ఎముకలు భద్రపరిచే ఒక రాతి పెట్టె మీద యెహోహనాన్ అని పేరు చెక్కి ఉంది. అందులో ఇనుప మేకు దిగిన కుడి మడమ ఎముక ఉంది, అంటే అది సిలువ వేయబడిన మనిషిది. మేకు తలకీ ఎముకకీ మధ్య ఒక చెక్క పలక అవశేషం, మొన దగ్గర కొన్ని చెక్క పేళ్లు. పలక పిస్తా జాతిదో తుమ్మ జాతిదో అనీ, మొనకు అంటినవి ఆలివ్ అనీ ఆ ఎముకలను పరిశీలించిన నికు హాస్ 1970లో రాశారు. 1985లో జో జియాస్, ఎలియేజర్ సెకెలెస్ మళ్లీ పరిశీలించేసరికి ఆ మాట నిలవలేదు. ఆలివ్ అని తేలింది తల కింది పలక. మొన దగ్గరి పేళ్లు జాతి తేల్చలేనంత చిన్నవి.

సంధానకర్త: అంటే సిలువ ఆలివ్ కలపది అనడానికి ఆధారం లేనట్టేనా మేడమ్?

పురావస్తు పరిశోధకురాలు: ఆ ఒక్క సిలువ విషయంలో లేదండి. సిలువ స్తంభంలోకి దిగింది మొన. పలక అసలు స్తంభంలో భాగమే కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

కలప నిపుణుడు: ఆ పలక పని మనం బోల్టు కింద వేసే వాషర్ లాంటిది. మేకు తల చిన్నది, పాదం లాగితే జారి ఊడొచ్చు. వెడల్పాటి పలక అడ్డుగా ఉంటే ఊడదు. దానికి ఆలివ్ సరిగ్గా సరిపోతుంది. బరువైన కలప, పోగులు మెలిపడి ఉంటాయి, సులువుగా చీలదు. అదే గుణం దూలానికి పనికిరాదు. చెట్టు తక్కువ ఎత్తులోనే కొమ్మలు చీలుతుంది, మాను మెలికలు తిరుగుతుంది, ముదిరితే లోపల బోలు పడుతుంది. రెండు మీటర్ల నిటారు దుంగ ఆలివ్‌లో దొరకడం కష్టం. పైగా అది నూనె పంట ఇచ్చే చెట్టు.

ఇంకొక సంగతి. ఆ మేకు పొడవు 11.5 సెంటీమీటర్లు, మొన వంగిపోయింది. స్తంభంలో ముడి తగిలి వంగిందని పరిశీలకుల అభిప్రాయం. బరమాతో ముందు రంధ్రం వేయకుండా ముడి మీద మేకు కొడితే ఇప్పటికీ ఇలాగే జరుగుతుంది. వంగిన మేకు ఊడిరాదు. అందుకే మడమతో పాటు సమాధికి చేరింది, మనకు దక్కింది.

సంధానకర్త: మరి సిలువకు అడ్డంగా ఉండే దూలం బరువెంత ఉండేది?

కలప నిపుణుడు: దాని అసలు కొలతలు రాసిపెట్టినవారు లేరు కాబట్టి లెక్క కట్టి చూపిస్తాను. 1.8 మీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల చదరం అనుకుంటే 0.04 ఘనపు మీటరు. ఎండిన పైన్ అయితే సుమారు 22 కిలోలు, ఆలివ్ అయితే 38 దాకా. అప్పుడే నరికిన పచ్చి కలపైతే అదే పైన్ ఇంకా చాలా బరువు తూగుతుంది. మూడు మీటర్ల నిలువు స్తంభం కూడా కలిపితే ఎండిన పైన్‌లోనే దాదాపు 60 కిలోలు.

చరిత్రకారుడు: కొరడా దెబ్బలు తిన్న మనిషి అంత బరువు మోయలేడు. దోషి భుజాన అడ్డు దూలం మాత్రమే ఉండేదని, నిలువు స్తంభం శిక్షాస్థలంలోనే పాతి ఉండేదని ఎక్కువమంది పరిశోధకులు అనుకునేది అందుకే. ఇటలీలోని పుతెయోలి నగరంలో దొరికిన రోమన్ శాసనం ఇంకా సూటిగా చెప్తుంది. సిలువ శిక్షకు కావలసిన దుంగలు, గొలుసులు, తాళ్లు కాంట్రాక్టరే సమకూర్చాలి. దూలం మోసేవాళ్లకు, కొరడాతో కొట్టేవాళ్లకు తలా 4 సెస్టర్షియస్‌లు (రోమన్ నాణేలు) ఇవ్వాలి. చెట్టు పేరు ఎక్కడా లేదు. పని జరిగితే చాలు, ఏ కలపైతేనేం అన్నట్టుంది.

క్రీ.శ. 70లో యెరూషలేము ముట్టడి వేళ రోమన్లు రోజుకు 500 మందిని, కొన్నిసార్లు ఇంకా ఎక్కువమందిని సిలువ వేశారని, చివరికి సిలువలకు చోటు, శరీరాలకు సిలువలు చాలలేదని ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. ముట్టడి కట్టడాల కోసం చుట్టూ 90 స్టేడియాల మేర, అంటే దాదాపు 16 కిలోమీటర్లు, చెట్లన్నీ నరికేశారని కూడా ఆయనే చెప్పాడు. అలాంటి చోట జాతి చూసి ఎంచుకునే వీలెక్కడిది?

సంధానకర్త: దేవదారు కథ?

చరిత్రకారుడు: బైబిల్లో యెషయా 60:13లోని దేవదారు సహా మూడు చెట్లను సిలువకు అన్వయించిన బైజాంటైన్ సంప్రదాయం అది. యేసు సిలువవని పూజించే చెక్క ముక్కలను కొలిచిన రోవో ద ఫ్లోరీ 1870లో పైన్ అన్నాడు. రోములోని శాంతా క్రోచే చర్చిలో, యేసు సిలువ మీదిదని చెప్పే పేరు ఫలకం వాల్‌నట్ కలపది. 2002లో ప్రచురించిన కార్బన్ పరీక్ష దాన్ని 980–1146 మధ్యకాలానికి చేర్చింది.

సంధానకర్త: తెలుగు బైబిల్లో ‘మ్రాను’ అని ఉంది కదా, దాన్నిబట్టి ఏమైనా తెలుస్తుందా?

చరిత్రకారుడు: గ్రీకు మూలంలో ‘క్సిలోన్’. చెట్టు, కలప, దుంగ అన్నిటికీ అదే మాట. మ్రాను చక్కగా కుదిరింది, ఎందుకంటే మనకూ దానికి చెట్టనీ కలపనీ రెండర్థాలున్నాయి. జాతి మాత్రం తెలియదు.

సంధానకర్త: మళ్లీ అలాంటి మేకు దొరికితే ఎలా తేలుస్తారు?

కలప నిపుణుడు: కలపను మూడు తలాల్లో చూడాలి: అడ్డకోత, కేంద్రం వైపు నిలువు కోత, వలయాలకు తాకుతూ పోయే నిలువు కోత. నీటి నాళాల రంధ్రాలు కనిపిస్తే ఆలివ్, ఓక్ లాంటివి. అవి లేకుండా జిగురు నాళాలుంటే పైన్, అవీ లేకపోతే సైప్రస్ అయ్యే అవకాశం ఉంది. మూడు తలాలూ దొరకనంత చిన్న ముక్కైతే ఏ చెట్టో ఖాయంగా చెప్పలేం.

పురావస్తు పరిశోధకురాలు: ఇనుము తుప్పు పట్టేటప్పుడు పక్కనున్న చెక్క కణాల్లోకి చేరి వాటి ఆకారాన్ని అలాగే నిలబెడుతుంది. ఇంగ్లండ్‌లోని ఫెన్‌స్టాంటన్‌లో 2017లో తవ్విన అస్థిపంజరం మడమలోనూ మేకు దొరికింది. అందుకే తవ్వకంలో మేకు కనబడితే బ్రష్‌తో తుప్పు రుద్దకూడదు, నీళ్లలో కడగకూడదు. మట్టితో సహా ఎత్తి ముందు ఎక్స్‌రే తీయాలి.