కిన్సెయాన్యేరా: కేకు ఒకరిది, కిరీటం ఇంకొకరిది

[దృశ్యం: హాలు మధ్యలో ఒక కుర్చీ. పాట ఆగింది.]

వ్యాఖ్యాత: అమ్మాయి కూర్చుంది. గౌను ఎంత వెడల్పంటే, కింద కుర్చీ ఉందని మనం నమ్మాల్సిందే. తండ్రి మోకాలు నేలకానించి, ఆ కుచ్చుల కింద పాదాన్ని వెతికి పట్టుకున్నాడు. మడమ లేని చెప్పు తీసి, హైహీల్స్ తొడుగుతున్నాడు. పట్టీ ఒక పట్టాన బిగియదు. ఆయనకు రోజూ అలవాటైన పనా మరి! బిగిశాక కూతుర్ని చెయ్యి పట్టి లేపి, ఆమెతో వాల్ట్జ్ నృత్యం చేస్తాడు.

[దృశ్యం: మెక్సికో పటం]

మెక్సికోలో ఆడపిల్లకు పదిహేనేళ్లు నిండినప్పుడు చేసే వేడుక ఇది. స్పానిష్‌లో కిన్సె అంటే పదిహేను, అన్యోస్ అంటే ఏళ్లు. అక్కడ కిన్సెయాన్యేరా అంటే వేడుక కాదు, ఆ అమ్మాయే. అమెరికాలో మాత్రం రెంటికీ అదే మాట వాడేస్తున్నారు.

దీని మూలం, స్పెయిన్ వాళ్లు రాకముందు అక్కడ రాజ్యమేలిన ఆజ్టెక్‌ల దగ్గర ఉందని చాలామంది చెబుతారు. కథ బాగుంటుంది కానీ, ఆధారాలు పలుచన. గౌను, కిరీటం, వాల్ట్జ్ చూస్తే యూరప్ రాజసభల పోలికే ఎక్కువ. 1864లో మెక్సికో గద్దెనెక్కిన ఆస్ట్రియా రాకుమారుడు మాక్సిమిలియన్‌తో వాల్ట్జ్‌ను ముడిపెట్టేవాళ్లూ ఉన్నారు.

ముందు చర్చిలో కృతజ్ఞతా పూజ. ఇది క్యాథలిక్ సంస్కారాల్లో ఒకటి కాదు. అయినా అమెరికాలోని చర్చిల కోసం 2007లో ప్రత్యేక ఆశీర్వాద విధి ఆమోదం పొందింది. తర్వాత విందు, నృత్యం. సంప్రదాయం ప్రకారం అమ్మాయి వెంట పద్నాలుగు జంటలు ఉండాలి, గడిచిన ఏడాదికొక జంట చొప్పున, పదిహేనో ఏడాదికి అమ్మాయే. వాళ్లలో సూటు వేసుకున్న కుర్రాళ్లను చాంబెలాన్‌లు అంటారు. అడుగులు తప్పకుండా వాళ్లకు నెలల తరబడి సాధన చేయించడం ఇంట్లోవాళ్లకు పెద్ద పరీక్షే.

[దృశ్యం: ఆహ్వానపత్రిక, దగ్గరగా]

ఇంత ఖర్చు ఎవరు భరిస్తారు? జవాబు ఈ పత్రికలోనే ఉంది. ఈ పేర్లన్నీ పద్రినోలవి, మద్రినాలవి. ఆ మాటలకు అసలు అర్థం జ్ఞానస్నానం నాటి జ్ఞాన తండ్రి, జ్ఞాన తల్లి. ఇక్కడ మాత్రం కేకుకు ఒక పద్రినో, కిరీటానికి ఒక మద్రినా, సంగీతానికి ఇంకొకరు. బాబాయి, పక్కింటావిడ, నాన్న స్నేహితుడు తలా ఒకటి భుజాన వేసుకుంటారు. నన్నడిగితే, గౌను కంటే చూడదగింది ఈ జాబితానే. రేపు వాళ్లింట్లో పిల్లకు పదిహేను నిండితే ఈ అమ్మాయి ఇంట్లోవాళ్లూ వెళ్లి నిలబడాలి.

2016లో శాన్ లూయిస్ పొటోసి రాష్ట్రంలో ఒక తండ్రి తన కూతురి వేడుకకు వీడియోలో ‘అందరూ రండి’ అన్నాడు. ఆయన పిలిచింది చుట్టుపక్కల వాళ్లను. ఇంటర్నెట్‌లో పది లక్షల మందికి పైగా వస్తామన్నారు, వేలమంది నిజంగానే వచ్చారు.

అర్జెంటీనాలోనైతే అమ్మాయి పదిహేను కొవ్వొత్తులను తన జీవితంలోని ముఖ్యులకు ఒక్కొక్కటిగా అంకితం చేస్తుంది.

[దృశ్యం: మళ్లీ అదే హాలు]

ఇంకొక్కటి మిగిలింది. అమ్మాయి గౌను రంగులోనే గౌను తొడిగిన బొమ్మ. దీన్ని ‘చివరి బొమ్మ’ అంటారు. కాసేపు చేతుల్లో ఉంచుకుని చెల్లెలికి ఇచ్చేస్తుంది. ఆ బొమ్మ కొన్న మద్రినా పేరు కూడా పత్రికలో ఉంది, కింది నుంచి రెండో వరుసలో.