కొబ్బరి వాసన, పొగ వాసన, ఒక ఆఫ్రికా ఈగ

అందరికీ నమస్కారమండి. వెనకాల వాళ్ళకి వినపడుతోందా? ఈ మైకు కాస్త గుయ్యిమంటోంది, సర్దుకోండి. నేను కెమిస్ట్రీ పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి, మన కోనసీమలో సాయంత్రం పూట లైబ్రరీలో మాట్లాడమంటే కొబ్బరి గురించో వరి గురించో చెప్తాననుకుని ఉంటారు, నేనేమో ఈగ గురించి చెప్పబోతున్నాను, అదీ మన ఊళ్ళో లేని ఈగ. లేని ఈగతో మనకేం పనండీ అని ఇందాక టీ తాగేటప్పుడే ఒకాయన అడిగేశారు. చెప్తాను, ముందు మా గేదె సంగతి వినండి.

నేను ఇంటర్ చదివే రోజుల్లో మా ఇంట్లో ఒక ముర్రా గేదె ఉండేది. ఒకరోజు మేత మానేసింది, ఒళ్ళు కాలిపోతోంది, మర్నాటికి గుంజ చుట్టూ గుండ్రంగా తిరగడం మొదలెట్టింది, తలకాయ తీసుకెళ్ళి పాక రాటకి నొక్కిపెట్టి అలా నిలబడిపోయేది. చూసినవాళ్ళలో ఒకరు దిష్టన్నారు, ఒకరు పిచ్చికుక్క కరిచిందన్నారు, వచ్చిన ఆయన ఏదో సూది వేసి వెళ్ళిపోయాడు గానీ రక్తం చుక్క తీసి మైక్రోస్కోప్ కింద పెడదామని ఎవరికీ తట్టలేదు. నాలుగోరోజు పోయింది. మా అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఒక పశువుల డాక్టరు ఫ్రెండ్ ఈ లక్షణాలన్నీ విని "సర్రా అయ్యుంటుందిరా" అన్నాడు. సర్రా అంటే రక్తంలో ట్రిపనోసోమా అనే సూక్ష్మజీవి చేరడం, మన దగ్గర దాన్ని జోరీగలు మోస్తాయి. 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే బ్రిటిష్ పశువైద్యుడు అప్పటి పంజాబ్‌లో గుర్రాల రక్తంలో, ఒంటెల రక్తంలో దీన్ని పట్టుకున్నాడు. దీని దగ్గరి చుట్టాలే ఆఫ్రికాలో మనుషులకి అతినిద్ర వ్యాధి, పశువులకి నగానా తెస్తాయి. అక్కడ వాటి వాహనం సెట్సీ ఈగ. అలా మా గేదె పుణ్యమాని నేను ఈ ఈగ వెనకాల పడ్డాను.

అతినిద్ర వ్యాధి మనుషుల్లో బాగా తగ్గిపోయింది, 2018 నుంచి ఏడాదికి వెయ్యి కేసుల లోపే నమోదవుతున్నాయి. పశువుల బాధ మాత్రం తీరలేదు. ఈ ఈగల్లో ఆడామగా రెండూ రక్తమే తాగుతాయి. ఇంకో వింతేంటంటే ఇది గుడ్లు పెట్టదు, ఒక్కోసారి ఒక్క పిల్లనే కడుపులో పాలలాంటి ద్రవంతో సాకి మరీ కంటుంది. పిల్లలు తక్కువ కాబట్టి కొన్ని ఈగల్ని పట్టినా సంతతి గట్టిగా దెబ్బ తింటుంది, అందుకే నీలం రంగు, నల్ల రంగు గుడ్డలతో ట్రాపులు పెట్టి పక్కన నిలవ ఉన్న ఆవు పంచితం సీసా పెడతారు. పంచితం తాజాది కన్నా మాగినదే బాగా లాగుతుంది, ఎందుకంటే అందులో బాక్టీరియా పనిచేసి ఫినాల్స్ అనే ఘాటు వాసన సరుకుల్ని బయటికి వదులుతుంది. మన పాకలోకి అడుగుపెట్టగానే ముక్కుకి తగిలే ఘాటు ఉంది చూడండి, అందులో పారా క్రెసాల్ అనే ఫినాల్ ఉంటుంది, ఈగకి అదే భోజనం గంట.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. తూర్పు ఆఫ్రికాలో వాటర్‌బక్ అని పెద్ద దుప్పి లాంటి జంతువుంది. అదే అడవిలో అడవి దున్నని పీక్కుతినే సెట్సీ ఈగ దీని జోలికి పెద్దగా రాదు. ఎందుకా అని నైరోబీలో ఇసిపే అనే కీటకాల పరిశోధన సంస్థ వాళ్ళు దాని ఒంటి వాసన పట్టుకుని విడదీస్తే, ఈగని పొమ్మనే పదార్థాలు కొన్ని దొరికాయి. అందులో ఒకటి గ్వాయకాల్, అంటే మనం సాయంత్రం పూట పాకలో కొబ్బరి డొక్కలు రాజేసి పొగ వేస్తామే, ఆ పొగ వాసనలో ఉండేది. ఇంకోటి డెల్టా ఆక్టాలాక్టోన్, ఇది కొబ్బరి వాసన వేసే సరుకు. నాకు నవ్వొచ్చిందండి, ఎక్కడో కెన్యా దుప్పి ఒంటి మీద మన కోనసీమ పెరడు వాసన!

దీన్ని అర్థం చేసుకోడానికి ఈ పలుపు తెచ్చాను, చూడండి. ఇక్కడ మెడకి వేసే ఉచ్చు, ఇక్కడ వేలాడే కొస. డెల్టా ఆక్టాలాక్టోన్ అణువు ఇలాగే ఉంటుంది, ఉచ్చులో ఆరు పరమాణువులు, కొసకి మూడు కార్బన్లు. ఇప్పుడు ఒక కార్బన్ ఎక్కువ చేద్దాం, ఎక్కడ పెడదాం? కొసకి కలిపితే డెల్టా నోనాలాక్టోన్. గాలి వీచే గొట్టంలో రెండు దారులు పెట్టి ఈగ ఎటు పోతుందో చూసే పరీక్షలో, ఆక్టాలాక్టోన్‌కి 60 శాతం దగ్గరున్న తరిమే బలం దీంతో 72 దగ్గరికి పెరిగింది. బాగుంది కదా, మరి అదే కార్బన్ కొసకి కాకుండా ఉచ్చులో ఇరికిస్తే? ఉచ్చు ఏడు పరమాణువులదైంది, పేరు ఎప్సిలాన్ నోనాలాక్టోన్. రెండింటి ఫార్ములా ఒకటే, 9 కార్బన్లు, 16 హైడ్రోజన్లు, 2 ఆక్సిజన్లు, తూకం వేస్తే తేడా ఉండదు. కానీ ఈ రెండోదాన్ని పెడితే ఈగ పారిపోలేదు సరికదా, మాగిన పంచితం దగ్గరికి వచ్చినట్టు దాని దగ్గరికి వచ్చింది! నేను ఇది చదివి రెండోసారి కూడా చదివాను, టేబుల్ తప్పు చూశానేమో అని.

పొగ వైపూ ఇదే తంతు. పారా క్రెసాల్‌లో ఆరు కార్బన్ల బెంజీన్ ఉంగరం, తల మీద ఓహెచ్, అంటే ఆక్సిజన్ హైడ్రోజన్ జంట, సరిగ్గా ఎదురు చివర మిథైల్ అనే ఒక కార్బన్ ముక్క. అది రమ్మంటుంది. దాని తల పక్కన, భుజం మీద అనుకోండి, ఒక మిథాక్సీ, అంటే ఆక్సిజన్ పట్టుకున్న మిథైల్, తగిలిస్తే 4-మిథైల్‌గ్వాయకాల్ అవుతుంది, అది పొమ్మంటుంది. మామూలు గ్వాయకాల్ కన్నా గట్టిగా పొమ్మంటుంది. ఈ 4-మిథైల్‌గ్వాయకాల్‌నీ డెల్టా నోనాలాక్టోన్‌నీ కలిపితే సెట్సీ ఈగల్లో గ్లోసినా పాలిడిపెస్ అనే జాతి మీద తరిమే బలం 86.7 శాతం, మోర్సిటాన్స్ అనే ఇంకో జాతి మీద 91.7 శాతం వచ్చింది, తర్వాత కెన్యా తీరంలో షింబా హిల్స్ దగ్గర బయట పెట్టి చూసినా విడివిడిగా కన్నా కలిపితేనే ఎక్కువ పనిచేసింది. ఆ ప్రాంతంలోనే వాటర్‌బక్ వాసనని చిన్న గొట్టాల్లో నింపి ఆవుల మెడకి కాలర్లా కట్టి చూస్తే నగానా 80 శాతం పైనే తగ్గింది. మందు చల్లడం లేదు, ఈగని చంపడం లేదు, ఆవుకి దుప్పి వేషం వేశారంతే.

మా కజిన్ ఒకడు ఇది విని "అయితే మన గేదెలకి కొబ్బరినూనె రాసేద్దాం" అన్నాడు, యూట్యూబ్‌లో కూడా ఇలాంటివి బోలెడు తిరుగుతుంటాయి, నాచురల్ అని పెద్దక్షరాలు పెట్టి. వద్దండీ. మన ముక్కుకి కొబ్బరి వాసనైతే ఈగకీ అదే అనుకోకూడదు, ఇప్పుడే చూశాం కదా ఒక కార్బన్ చోటు మారితే పొమ్మన్నది కాస్తా రమ్మంది. పైగా పొగ సంగతి, అందులో గ్వాయకాల్‌తో పాటు ఇంకా వందరకాలుంటాయి, అవన్నీ ముందు మీ ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి, ఆ తర్వాతే ఈగ దగ్గరికి.

ఇక ఇందాకటి టీ ప్రశ్నకి జవాబు. ఆ కాలర్ మన గేదెకి కడితే జోరీగ పోతుందా? పోతుందని నేను చెప్పనండి. జోరీగ కుటుంబమే వేరు, దాని మీసాలు ఏ వాసనకి ఏం చెప్తాయో దాన్ని పట్టుకుని, ఇలాగే గాలిగొట్టంలో పెట్టి, ఒక్కో కార్బన్ మార్చి మార్చి చూడాలి. ఇక్కడ డిగ్రీ పిల్లలు చాలామంది ఉన్నారు, ప్రాజెక్టుకి టాపిక్ దొరకట్లేదని నా దగ్గరికొచ్చి ఏడుస్తారుగా, ఇదిగో టాపిక్. జోరీగలు పట్టుకోడానికి మా పెరట్లోకి రండి, కావలసినన్ని ఉన్నాయి. మీ గేదె గుంజ చుట్టూ తిరుగుతుంటే మాత్రం దిష్టి తీయడం తర్వాత, ముందు రక్తం పరీక్ష చేయించండి.

అన్నట్టు ఈ పలుపు ముందు వరసలో కూర్చున్న బాబాయిగారిది, గేదెని విప్పేసి మరీ ఇచ్చారు. ఇదిగోండి బాబాయ్, పట్టుకెళ్ళండి, చీకటి పడితే అది ఎవరి చేలో పడుతుందో.