ఇంట్లో చెప్పేశాక: బెజవాడ, గుంటూరుల్లో తోడు వెతుక్కునేటప్పుడు

[తెర మీద: సాయంత్రం ప్రకాశం బ్యారేజీ, రెండు వైపులా బళ్ల బారులు]

"అమ్మా, నాకు అబ్బాయిలే ఇష్టం. సంబంధాలు చూడొద్దు." ఈ రెండు ముక్కలు నోటి వెంట రావడానికి కొందరికి పదేళ్లు పడుతుంది. చెప్పాక ఏం చేయాలో చెప్పేవాళ్లు మాత్రం ఉండరు. ఈ వీడియో ఆ తర్వాతి రోజుల గురించి. గే అబ్బాయిల్ని దృష్టిలో పెట్టుకుని మాట్లాడుతున్నాం కానీ, చాలావరకు అమ్మాయిలకూ పనికొస్తుంది.

ఇంట్లో చెప్పామంటే ఊరంతా చెప్పినట్టు కాదు. అమ్మకి తెలిసిందని మేనమామకీ, ఇంటి ఓనరుకీ, ఆఫీసుకీ తెలియాలని లేదు. ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి అన్నది మీ చేతిలోనే ఉండాలి. మన ఊళ్లలో అది తేలిక కాదు. బెంజ్ సర్కిల్లో టీ తాగుతుంటే చూసినవాళ్లు, మీరు ఇంటికి చేరేలోపే కబురు చేరవేస్తారు. ఇప్పుడు చెప్పబోయే జాగ్రత్తలన్నీ ఆ పట్టు మీ చేయి జారకుండా ఉండటానికే.

[తెర మీద: నేలపాడులో హైకోర్టు భవనం]

చట్టం సంగతి త్వరగా చూద్దాం. 2018 సెప్టెంబర్ 6న నవతేజ్ సింగ్ జోహార్ కేసులో సుప్రీంకోర్టు, ఇద్దరు మేజర్లు ఇష్టపడి కలిస్తే నేరం కాదని తేల్చేసింది. 2024 జూలై 1న ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఇలాంటి సంబంధాలను నేరమన్న ఆ పాత 377 సెక్షనే లేదు. "377 కేసు పెట్టిస్తా" అనేవాడి దగ్గర ఉన్నది ఉత్త బెదిరింపే. పెళ్లికి మాత్రం ఇంకా గుర్తింపు రాలేదు. 2023 అక్టోబర్ 17 తీర్పులో సుప్రీంకోర్టు ఆ హక్కు ఇవ్వలేదు.

మనకు బాగా దగ్గరి తీర్పు ఒకటుంది. విజయవాడలో ఇద్దరమ్మాయిలు కలిసి ఉంటున్నారు. ఒకమ్మాయిని తండ్రి నర్సీపట్నం తీసుకెళ్లి ఇంట్లో ఉంచేశాడు. రెండో అమ్మాయి హెబియస్ కార్పస్ పిటిషన్ వేసింది, అంటే 'మనిషిని తెచ్చి కోర్టు ముందు నిలబెట్టండి' అని అడిగింది. తండ్రి తీసుకెళ్లిన అమ్మాయి మేజర్, ఎవరితో ఉండాలన్నది తన ఇష్టం అని 2024 డిసెంబర్‌లో మన హైకోర్టు చెప్పింది. ఇలాంటి కేసుల్లో ఇంట్లోవాళ్లు పక్కన లేకుండా జడ్జి ఆ మనిషితో విడిగా మాట్లాడాలనీ, మనసు మార్చే కౌన్సెలింగ్‌కు పంపకూడదనీ అదే ఏడాది మార్చి 11న సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇక్కడ అన్నిటికీ ఆధారం మీరు మేజర్ అన్న రుజువు. మన దగ్గర దానికి అందరూ అడిగేది పదో తరగతి మార్కుల మెమో. అది ఎక్కడుంటుంది? అమ్మ బీరువాలో, పట్టుచీరల కింద, ప్లాస్టిక్ కవర్లో. ఇంట్లో చెప్పకముందే దాన్నీ ఆధార్‌నీ డిజిలాకర్లో పెట్టుకోండి, ఒక కాపీ నమ్మకమైన స్నేహితుడి దగ్గర ఉంచండి. గొడవయ్యాక బీరువా తాళం దొరకదు.

"డాక్టరుకి చూపిద్దాం" అంటే కంగారు పడకండి. ఇది జబ్బు కాదని భారత సైకియాట్రిక్ సొసైటీ 2018లోనే చెప్పింది. ఆ ఇష్టాన్ని మార్చే చికిత్స చేయడం వృత్తిపరమైన తప్పు అని జాతీయ మెడికల్ కమిషన్ 2022లో చెప్పింది. బలవంతంగా ఎక్కడైనా చేరుస్తారన్న భయం ఉంటే, 2017 మానసిక ఆరోగ్య చట్టంలోని 14వ సెక్షన్ వాడుకోండి. చికిత్స విషయాల్లో మీ తరఫున ఫలానా మనిషి ఉంటాడని తెల్ల కాగితం మీద రాసి సంతకం పెడితే చాలు, స్టాంపు పేపరు అక్కర్లేదు. అమ్మానాన్నలకు కూడా ఎవరితోనైనా మాట్లాడుకోవాలని ఉంటుంది, పాపం. వాళ్లకి 14416 నంబరు ఇవ్వండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్, ఉచితం.

[తెర మీద: ఫోన్, డేటింగ్ యాప్ సెట్టింగులు]

ఇక పరిచయాలు. గ్రైండర్ లాంటి గే డేటింగ్ యాప్‌లో మొట్టమొదట దూరం చూపించే సెట్టింగు ఆపేయండి. ఎవరైనా మూడు చోట్ల నుంచి మీ దూరం చూసి మ్యాపు మీద మూడు వృత్తాలు గీస్తే, అవి కలిసే చోట మీ వీధి ఉంటుంది. సత్యనారాయణపురం లాంటి ఇరుకు వీధుల్లో దాదాపు మీ గుమ్మమే.

ఫొటో కొత్తది తీసుకోండి. ఇన్‌స్టాలో ఉన్నది పెడితే గూగుల్‌లో వెతికి మీ పేరు పట్టేస్తారు. వెనక బండి నంబరు ప్లేటు, కాలేజీ ట్యాగు కనపడకూడదు. ఫోన్ నంబరు మాత్రం చివరిదాకా ఇవ్వొద్దు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఆ నంబరు ఫోన్‌పేలో కొడితే బ్యాంకులో ఉన్న మీ పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా కనిపిస్తుంది. ఇంటిపేరు తెలిస్తే మన దగ్గర ఊరు, కులం, చుట్టాలు అన్నీ తెలిసినట్టే. టెలిగ్రామ్‌లో నంబరు ఎవరికీ కనపడకుండా పెట్టుకుని యూజర్‌నేమ్‌తో మాట్లాడండి.

కలిసే ముందు రెండు నిమిషాలు వీడియో కాల్ తప్పనిసరి. 'కెమెరా పాడైంది' అంటే ఆ పరిచయం అక్కడితో ఆపేయండి. హాయ్ తర్వాత రెండో మెసేజే 'ప్లేస్ ఉందా?' అని వచ్చినా, 'రూము ఖాళీ, ఇప్పుడే వచ్చెయ్' అని తొందరపెట్టినా ఆగండి. మొదటిసారి పగలు, జనం ఉన్న చోట, గంటసేపు చాలు. బందరు రోడ్డు పీవీపీ మాల్, గుంటూరులో లక్ష్మీపురం కాఫీ షాపులు సరిపోతాయి. భవానీ ఐలాండ్ బాగుంటుంది కానీ, మనిషి నచ్చకపోతే పడవ కోసం అతని పక్కనే ఎదురుచూడాలి. సొంత బండి మీద వెళ్లండి, వాట్సాప్ లైవ్ లొకేషన్ 8 గంటలకు పెట్టి స్నేహితుడికి పంపండి.

మోసం జరిగే తీరు దాదాపు ఒకటే. రూముకి పిలుస్తారు, పది నిమిషాల్లో ఇంకో ఇద్దరు వస్తారు, వీడియో తీసి "మీ నాన్నకి పంపుతాం" అని ఫోన్ లాక్కుని యూపీఐలో డబ్బు కొట్టించుకుంటారు. మీ భయమే వాళ్ల పెట్టుబడి. ఇంట్లో చెప్పేసినవాళ్ల మీద ఆ ఎత్తు సగం పారదు. అక్కడ మాత్రం తెగించకండి, ప్రాణంతో బయటపడటం ముఖ్యం. వచ్చాక చాట్ చెరిపేయొద్దు, స్క్రీన్‌షాట్లు తీయండి, యూపీఐ లావాదేవీ నంబరు రాసుకుని వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు అవతలి ఖాతాలో ఆగిపోయే అవకాశం అంత ఎక్కువ. వాళ్లు మళ్లీ అడిగితే ఒక్క రూపాయి ఇవ్వొద్దు. ఒకసారి ఇచ్చినవాణ్ణి వదలరు.

ఇది న్యాయ సంహిత 308 కింద బెదిరించి డబ్బు గుంజడం, 7 ఏళ్ల దాకా శిక్ష. మీరుండేది విజయవాడ, జరిగింది తాడేపల్లిలో అయితే అది గుంటూరు జిల్లా. "మా పరిధి కాదు" అంటే 'జీరో ఎఫ్ఐఆర్' అని అడగండి, ఏ స్టేషనైనా రాసుకోవాలి. రాసుకోకపోతే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపొచ్చు, విజయవాడ పరిధిలో అయితే పోలీసు కమిషనరుకి. లాయరు కోసం న్యాయ సేవల నంబరు 15100.

అన్నీ కుదిరి మంచి మనిషే దొరికాడనుకోండి. అతను ఇంట్లో చెప్పి ఉండకపోవచ్చు. మీకు స్వేచ్ఛ దొరికిందని అతనితో దిగిన ఫొటో స్టేటస్‌లో పెట్టకండి, వాళ్లింటికి ఫోన్ చేయకండి. మీ ఇంట్లో అతని గురించి చెప్పాలన్నా ముందు అతన్ని అడగండి.

ఆరోగ్యం విషయంలో ఒక తప్పు మరీ ఎక్కువ. కండోమ్‌తో కొబ్బరి నూనె వాడతారు. నూనె తగిలితే లేటెక్స్ బలహీనపడి చిరుగుతుంది, నీటితో తయారైన జెల్ వాడాలి. చిరిగితే 72 గంటల్లోపు పెప్ మందులు, అంటే హెచ్ఐవీ సోకకుండా ఆపేవి, మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మంచిది, 28 రోజులు వేసుకోవాలి. గుంటూరు, విజయవాడ పెద్దాసుపత్రుల్లో హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లున్నాయి, అక్కడ అడగండి. హెచ్ఐవీ పరీక్ష ఐసీటీసీలో, అంటే సర్కారు కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రంలో ఉచితం, ఫలితం రహస్యంగా ఉంచాలని 2017 హెచ్ఐవీ చట్టమే చెబుతోంది. సందేహాలకు ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097.

[తెర మీద: బ్యాంకు నామినేషన్ ఫారం]

కలిసి ఉండాలనుకుంటే అద్దె అగ్రిమెంటులో ఇద్దరి పేర్లూ రాయించండి. ఒక్కరి పేరే ఉంటే గొడవ వచ్చిన రోజు రెండోవాడు బయటే. క్వీర్ (గే, లెస్బియన్ లాంటి) జంటలు జాయింట్ ఖాతా తెరవొచ్చనీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చనీ కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టు 28న స్పష్టం చేసింది. కౌంటరులో వివరాలన్నీ చెప్పుకోవాల్సిన పనిలేదు, బంధుత్వం గడిలో 'స్నేహితుడు' అని రాయొచ్చు. కానీ నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునేవాడే, వారసుడు కాదు. రేపు అన్నదమ్ములు వచ్చి అడగొచ్చు. అందుకని విల్లు కూడా రాయండి. తెల్ల కాగితం చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. ఆస్తి దక్కే మనిషి చేత మాత్రం సాక్షి సంతకం పెట్టించకండి.