పిల్లవాణ్ని సాక్షిని చెయ్యకండి

(ఒడిశాలోని పర్లాకిమిడిలో పదో తరగతి పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

హెడ్మాస్టరు గారికి, మాస్టార్లకు, టీచరమ్మలకు, పనులు మానుకుని వచ్చిన అమ్మలకు, నాన్నలకు నమస్కారం. పరీక్షల భయం గురించి మాట్లాడమన్నారు. కానీ ఆ భయం అన్ని ఇళ్ళల్లో పుస్తకాల్లోంచే రాదు. కొన్నిళ్ళల్లో ఫోన్లోంచి వస్తుంది.

ఎలాగో చెప్తాను. ఇంట్లో మంచి ఫోను ఒక్కటే, నాన్నది. బడి గ్రూపులో హోంవర్కు చూసుకోమని పిల్లాడి చేతికిస్తాం. అప్పుడే నాన్నకి ఇంకొకావిడతో సంబంధం ఉందని తెలిసిపోయే మెసేజీ ఒకటి వచ్చి పడుతుంది. లేదా ఫోన్‌పేలో ఒకే పేరుకి మళ్ళీ మళ్ళీ డబ్బు వెళ్ళినట్టు కనబడుతుంది. అమ్మ ఫోనైనా కావచ్చు, దారి తప్పేది ఎప్పుడూ మగాడే అనుకోకండి. పదిహేనేళ్ళ బిడ్డకి అర్థం కావడానికి రెండు ముక్కలు చాలు.

అక్కణ్ణించి ఆ బిడ్డకి కాపలా డ్యూటీ పడుతుంది. చెప్తే ఇల్లు కూలిపోతుందని భయం, చెప్పకపోతే అమ్మని తనూ మోసం చేసినట్టు. ఆ ఫోను మళ్ళీ మళ్ళీ వెతుకుతాడు. రాత్రి రెండింటికి లేచి చూస్తాడు. కడుపునొప్పి అంటాడు, డాక్టరు చూస్తే ఏమీ ఉండదు. నాన్న తెచ్చిన జిలేబీ ముట్టడు. చెల్లి మీద చెయ్యి చేసుకుంటాడు. మార్కులు తగ్గాయని మనం ట్యూషన్ పెట్టిస్తాం!

వెనక బెంచీల్లో కూర్చున్న పిల్లలూ, ఇది మీకు. కనబడింది చాలు, ఇంక వెతక్కండి. స్క్రీన్‌షాట్ తియ్యకండి. తీస్తే ఆ బరువు మీ ఫోన్లోకి వచ్చి కూర్చుంటుంది, స్నేహితుడికి పంపితే సాయంత్రానికి పక్క ఊరు పాతపట్నం చేరుతుంది. అవతలి మనిషికి ఫోన్ చేసి తిట్టకండి. ఆ రాత్రే నిలదీయకండి, తాగి ఉంటే అసలే వద్దు. ఒక్క పెద్దమనిషికి చెప్పండి: అమ్మమ్మ, టీచరు, మేనమామ. మేనమామ అన్నాను గానీ, వినగానే కర్ర పట్టుకొచ్చే రకమైతే ఆయన్ని వదిలెయ్యండి. నాన్నతోనే చెప్పాలనిపిస్తే పగటిపూట, ఇద్దరే ఉన్నప్పుడు, ఇంత చాలు: "నాన్నా, నీ ఫోన్లో ఒకటి చూశాను. నిద్ర పట్టట్లేదు. ఇది నేను మొయ్యలేను. అమ్మతో నువ్వే మాట్లాడుకో." చెప్పి లేచి వచ్చెయ్యండి. ఆయన సంజాయిషీ వినక్కర్లేదు. మర్నాడు కొత్త సైకిలు కొనిస్తానన్నాడంటే అది దేనికో మీకు తెలుసు.

ఇంకొకటి. మన పిల్లలకి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఇంటి మాటలో నోరు పెగలని సంగతి కొందరికి బడి మాటలో తేలిగ్గా వస్తుంది. ఒడియా మాస్టారి దగ్గర చెప్పుకుంటే "ఇంటి పరువు తీశావా" అనకండి.

ఇక పెద్దలు. అసలు నేను మాట్లాడాలనుకున్నది మీతోనే. "మీ నాన్న ఎవరితో మాట్లాడుతున్నాడో చూసి రా." ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది. చూసి రావడానికి వాడు పోలీసా? "ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టు" అంటాడు నాన్న. "నన్ను ఉండమంటావా, పుట్టింటికి పొమ్మంటావా?" అంటుంది అమ్మ. వేలు విడిచిన మేనత్త ఉంటుంది, ఆవిడ "ఎవర్తిరా అది, మన వాళ్ళేనా?" అని ఆరా తీస్తుంది. అమ్మా, మీ కడుపుమంట నిజమే, కాదనను. అక్కకి చెప్పుకోండి, స్నేహితురాలికి చెప్పుకోండి. బిడ్డని మాత్రం చూసి రా అనకండి.

"కేసు పెట్టి జైల్లో తోయిస్తా" అని పిల్లల ముందు అరుస్తారు. నాన్నని నిజంగానే పట్టుకుపోతారని ఆ గుంటలు వణికిపోతారు. 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు, పరాయివాడి భార్యతో సంబంధాన్ని నేరమనే 497వ సెక్షన్ కొట్టేసింది. ఇప్పుడది నేరం కాదు. 1955 హిందూ వివాహ చట్టం కింద విడాకులు అడగడానికి మాత్రం పనికొస్తుంది. ఆ ముక్క పిల్లలకి చెప్పండి, ఒక భయమైనా తగ్గుతుంది.

నిద్ర, తిండి రెండు వారాలు దాటినా దారిన పడకపోతే చూపించాలి. బరంపురం ఎం.కె.సి.జి. పెద్దాసుపత్రిలో మానసిక విభాగం ఉంది. అంత దూరం పోలేకపోతే 14416కి ఫోన్ చెయ్యండి. మనసు బాగోలేనివాళ్ళకి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం అది, టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరులో మొదలైంది. రాత్రీ పగలూ పలుకుతారు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగైనా ఒడియా అయినా సరే. పిల్లలు తమంతట తామే చెయ్యాలంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098. బిడ్డ నోట "చచ్చిపోతాను" అన్న మాట వస్తే రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే తీసుకెళ్ళండి. ఈలోగా పొలానికి తెచ్చిన పురుగుమందు ఇంట్లోంచి తీసెయ్యండి. తాతగారి మాత్రల డబ్బాకి తాళం వెయ్యండి. బెదిరింపే కదా అనుకోకండి.

ఈ సభ అయ్యాక కొంతమంది ఫోన్ లాకు మార్చుకుంటారు, తెలుసు. మార్చుకోండి. మార్చుకున్నాక బిడ్డ పక్కన కూర్చుని ఇది కూడా అనండి: "నీ వల్ల జరిగింది కాదు. మేమిద్దరం తేల్చుకుంటాం. నువ్వు ఎవరి పక్షమూ ఉండక్కర్లేదు."

పరీక్షల సంగతి మాస్టారు చెప్తారు.