మోకాలి వెనక అన్యూరిజం: భయం పగలడం గురించి కాదు, పూడిపోవడం గురించి

అన్యూరిజం అంటే ధమని గోడ బలహీనపడి ఒకచోట ఉబ్బడం. ఆ పేరు చెప్పగానే అందరూ బెలూన్ బొమ్మే చూపిస్తారు. ఉబ్బింది, ఇక పగిలిపోతుంది అంటారు. కడుపులోని మహాధమని విషయంలో ఆ భయం సరైనదే. కాళ్లలో, ముఖ్యంగా మోకాలి వెనక పాప్లిటియల్ ధమనిలో వచ్చేదానికి మాత్రం ఆ బెలూన్ మాట మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. "పగల్లేదుగా, నొప్పి కూడా లేదు" అని ఊరుకుంటారు. ఆ మాట వింటే నా మనసు ఊరుకోదు.

బెలూన్ పక్కన పెట్టి కాలువను తలుచుకోండి. గట్టు వదులై ఒకచోట కాలువ వెడల్పయింది. అక్కడ నీటి వేగం తగ్గుతుంది, సుడి తిరుగుతుంది, ఒండ్రు మేట వేస్తుంది. రక్తమూ అంతే, ఉబ్బిన చోట గోడ వెంబడి గడ్డ కడుతుంది. ఆ మేటలోంచి పెళ్లలు ఊడి కింది పిల్లకాలువలకు అడ్డం పడతాయి. లేదా మొత్తం కాలువే పూడిపోతుంది. కాలు చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కి, వేళ్లు కదలకపోతే చేతిలో ఉండేది గంటలే. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

డాక్టర్ మీ మోకాలు కొంచెం మడిచి, వెనక గుంతలో రెండు చేతుల వేళ్లూ లోతుగా ఆనించి చూస్తారు. మామూలుగా అక్కడ నాడి దొరకడమే కష్టం. వేళ్లు పెట్టగానే వెడల్పుగా, బలంగా కొట్టుకుంటోందంటే అనుమానించాలి. ఆపైన డాప్లర్ అల్ట్రాసౌండ్, అంటే నాళాన్నీ అందులో రక్తం పారే తీరునూ చూపించే స్కాన్ చేస్తారు. రక్తంలోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీసే యాంజియోగ్రామ్ ఒక్కదాన్నే నమ్మకూడదు, ఎందుకంటే అందులో కనిపించేది నీళ్లు పారే దారే గానీ పక్కన వేసిన మేట కాదు. వాపు ఎంత ఉన్నా నాళం మామూలుగానే కనిపించవచ్చు.

ఇక చికిత్స. సాధారణంగా 2 సెంటీమీటర్లు దాటితే, లేదా లక్షణాలు మొదలైతే సరిచేస్తారు. లోపల గడ్డ ఉంటే చిన్నదానికైనా చేయవచ్చు. 1785లో లండన్‌లో జాన్ హంటర్ అనే సర్జన్ తొడలోనే ధమనిని కట్టేశాడు. అంటే ఎగువన తూము మూసి, పక్కనున్న చిన్న ధమనులే కాలికి రక్తం అందిస్తాయని వాటి మీద భారం వేశాడు. ఇప్పుడు పక్కనుంచి కొత్త కాలువే తవ్వుతారు, అదే బైపాస్. మన కాలి సిరనే తీసి వాడితే ఎక్కువకాలం నిలుస్తుంది. లోపల పైపు వేసినట్టు స్టెంట్ గ్రాఫ్ట్ కూడా పెట్టవచ్చు. కోత చిన్నదే, కానీ మోకాలు రోజంతా మడుస్తాం కాబట్టి అది నలిగే, మూసుకుపోయే ప్రమాదం ఉంటుంది.

టైమ్ అయిపోతోంది, ఇదొక్కటి చెప్పేస్తా. ఒక కాల్లో దొరికిందంటే రెండో కాలు, కడుపు కూడా స్కాన్ చేయించండి. ఇంచుమించు సగం మందికి రెండో మోకాలి వెనకా ఉంటుంది, చాలామందికి కడుపులోనూ ఉంటుంది. అక్కడ మాత్రం ఆ బెలూన్ భయం నిజమే.