నొప్పి మాత్రలు అమ్మినవాడి మాట

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, మోకాళ్లు మొరాయిస్తున్నా మెట్లెక్కి ఈ మేడమీది హాలుకు వచ్చిన పెన్షనరు మిత్రులకు నమస్కారం. కార్యదర్శిగారూ, వచ్చే సమావేశం కింద పెట్టించండి. మోకాళ్ల మీద ప్రసంగం పెట్టి మెట్లు ఎక్కిస్తారా?

నేను డాక్టరును కాను. 31 ఏళ్లు మందుల దుకాణం నడిపాను. కత్తిరించిన స్ట్రిప్పు ముక్క చూపించి ‘ఇవే పది ఇవ్వు’ అంటే, చీటీ అడగకుండా ఇచ్చిన చేతులివి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రలు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఆ మాట రేకు మీదే ఉంటుంది. చదవడం వచ్చీ అమ్మాను.

మా అక్క పోపుల డబ్బాలో, మెంతుల గిన్నె పక్కన, ఆ మాత్రలుండేవి. ‘ఒరేయ్ తమ్ముడూ, ఆ తెల్లవి అయిపోయాయిరా’ అని ఫోను చేసేది. పంపేవాణ్ణి. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఆరేళ్లు. బీపీ మాత్ర వేరే. ఒకరోజు పాదాలు వాచాయి. పరీక్ష చేయిస్తే, కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ అయిదు దాటింది. ‘ఈ మాత్రలు ఎక్కడ కొనేవారమ్మా?’ అని డాక్టరు అడిగారు. పక్కనే నిలబడి ఉన్నాను. అక్క నావైపు చూడకుండా ‘బజారులోనండీ’ అంది.

విషయానికి వస్తాను. ఒంట్లో నొప్పి పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలను ఈ మాత్రలు అణచివేస్తాయి. కడుపు పొరను కాపాడేవీ, మూత్రపిండాలకు రక్తం సరిగ్గా అందేలా చూసేవీ అవే. అందుకే పుండ్లు, అందుకే కిడ్నీ. మోకాలికైతే ముందు డైక్లోఫెనాక్ జెల్ రాసి చూడవచ్చు, రక్తంలోకి చేరేది చాలా తక్కువ. చవక సరుకు కనుక దాని గురించి ఎవరూ గట్టిగా చెప్పరు. నేనూ చెప్పలేదు.

ఇక ఇంజెక్షన్లు. కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ పనిచేయదని అనను. వాచిన మోకాలికి కొన్ని వారాలు హాయిగానే ఉంటుంది. ఆ హాయి మరిగి మూడు నెలలకోసారి పరుగెత్తడం దగ్గరే చిక్కు. అమెరికాలో 140 మందికి అలా రెండేళ్లు ఇచ్చి చూశారు, సగం మందికి స్టెరాయిడ్, సగం మందికి ఉప్పునీరు. 2017లో ఫలితం ప్రకటించారు. నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కీలులోని గుజ్జు మాత్రం స్టెరాయిడ్ వాళ్లకే ఎక్కువ అరిగింది. షుగరున్నవాళ్లూ, వింటున్నారా? సూది పడ్డాక కొన్ని రోజులు మీ షుగరు ఎగబాకవచ్చు. కీలు మార్పిడికి రోజు ఖాయం చేసుకున్నవాళ్లు దానికి ముందు మూడు నెలల్లో ఈ సూది జోలికి పోకండి, చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. వేలు పోసి వేయించుకునే ‘గుజ్జు ఇంజెక్షన్’ గుజ్జును మొలిపించదు. పేరు పెట్టినవాడు మంచి వ్యాపారి.

తొడ కండరాలకు రోజూ వ్యాయామం, ఒంటి బరువు తగ్గడం, ఇవి మీకు తెలిసినవే. కిలో తగ్గితే అడుగు అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందట. టీతోపాటు మిరపకాయ బజ్జీలు వస్తున్నాయి కనుక ఆ సంగతి ఇంతటితో వదిలేస్తాను.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. ఒక్క పని చేయండి. జేబుల్లో, చేతిసంచుల్లో ఉన్న మాత్రలు తెచ్చి ఈ బల్ల మీద పెట్టండి. పేరు కత్తిరించిన ముక్కలైనా చాలావరకు గుర్తుపడతాను. ఏ మాత్ర గురించి మీ డాక్టరును అడగాలో కాగితం మీద రాసిస్తాను. అమ్మా, మీరు ముందు రండి, ఆ సంచి ఇటివ్వండి.